నిధులిచ్చేవాళ్లకు సంస్థలు అసలు సంగతి ఎందుకు చెప్పవు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లా, వ్యాపారం హైదరాబాదులో. కుటుంబ ట్రస్టు నుంచి కొంత, కంపెనీ సీఎస్సార్ (కంపెనీలు సమాజం కోసం లాభంలోంచి చట్టప్రకారం పెట్టే ఖర్చు) నుంచి కొంత కలిపి శ్రీకాకుళం, విజయనగరం వైపు అయిదు స్వచ్ఛంద సంస్థలకు ఇస్తున్నారు. ఎప్పుడు అడిగినా "అంతా బాగుందండీ" అనేవారు. నిరుడు వాటిలో ఒకటి మధ్యలోనే పని ఆపేసింది. జీతాలు ఇవ్వలేక ఆపేశారని మీకు తెలిసేసరికి ఆఫీసుకు తాళం పడి ఉంది. మిగిలినవాళ్లయినా మాతో అరమరికలు లేకుండా మాట్లాడాలంటే మేం ఏం చేయాలని అడిగారు.

నేను ఈ ప్రాంతంలోనే మొదట ఒక సంస్థలో లెక్కలు రాశాను, తరువాత చాలాకాలం నిధులిచ్చే వైపు కూర్చుని దరఖాస్తులు చదివాను. అందుకని రెండు వైపుల మాటా చెబుతాను. మర్యాదగా ఉండండి, తరచు ఫోన్ చేయండి, ఏడాదికోసారి అందరినీ పిలిచి భోజనం పెట్టండి అనే సలహాలు మీకు చాలామంది ఇస్తారు. వాటివల్ల నష్టం లేదు గానీ పెద్ద ఫలితమూ ఉండదు. సంస్థ మీకు చెడువార్త చెప్పకపోవడానికి మొహమాటం కంటే పెద్ద కారణం ఒక లెక్క. చెబితే వచ్చే విడత ఆగవచ్చు. చెప్పకపోతే ఇంకో మూడు నెలలు నెట్టుకురావచ్చు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని వాళ్లకు అనుభవం నేర్పింది. ఆ లెక్క తారుమారు కావాలంటే మీరు మాటతీరు కంటే ముందు డబ్బు ఇచ్చే తీరు మార్చుకోవాలి.

మొదట చూడవలసింది డబ్బు ఏ తేదీన చేరుతోందన్నది. ఒప్పందంలో ప్రాజెక్టు ఏప్రిల్ నుంచి అని రాస్తారు. కమిటీ ఆమోదం జూన్‌లో, సంతకాలు ఆగస్టులో, మొదటి విడత సెప్టెంబరులో. పని మాత్రం ఆగదు, జూన్‌లో బడులు తెరుస్తారు కదా. ఆ అయిదు నెలలు జీతాలు ఎవరిచ్చినట్టు? కార్యదర్శి చేబదులు తెచ్చి ఉంటాడు, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఉంటాడు, లేదా కార్యకర్తలే జీతం లేకుండా పనిచేసి ఉంటారు. అప్పు మీద కట్టిన వడ్డీ మీ బడ్జెట్‌లో ఏ పద్దులోనూ ఇమడదు. దాన్ని పూడ్చుకోవడానికి ఎక్కడో ఒక వోచరు పెంచి రాస్తారు. తరువాత మీ ఆడిటర్ పట్టుకుని ఎర్ర సిరాతో సున్నా చుట్టే అవకతవకలు చాలాసార్లు మొదలయ్యేది మీ ఆలస్యం దగ్గరే.

సీఎస్సార్ డబ్బుకు ఇంకో చిక్కు ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలన్నది మీకు తెలిసిందే. సంస్థ ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన అది ఖర్చయినట్టు కాదని, సంస్థ దాన్ని పనికి వాడినప్పుడే లెక్కలోకి వస్తుందని 2021లో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ స్పష్టం చేసింది. ఉద్దేశం మంచిదే. జరుగుతున్నది మాత్రం వేరు. జనవరి ఆఖరున విడత వేసి, మార్చి 31లోపు మొత్తం ఖర్చు చేసి యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఫలానా పనికి ఖర్చయిందని ధ్రువపత్రం) పంపమంటారు. రెండు నెలల్లో అంత డబ్బు ఖర్చు కావాలంటే శిక్షణ తరగతులు, టెంట్లు, కిట్లు, ఫ్లెక్సీలు తప్ప మార్గం లేదు. పదో తరగతి పిల్లలు ఒక గదిలో పరీక్షకు చదువుకుంటుంటే పక్క గదిలో వాళ్ల తమ్ముళ్లకు జీవన నైపుణ్యాల మీద మూడు రోజుల శిబిరం పెట్టి, మైకులో ఉపన్యాసాలు ఇప్పించడం నేను కళ్లారా చూశాను. బ్యానరు మీద ఉన్న పేరు దాత కంపెనీది, కంఠశోష మాత్రం సంస్థది.

దీనికి చట్టంలోనే దారి ఉంది. ఏడాది దాటి సాగే పనిని మీ బోర్డు 'కొనసాగుతున్న ప్రాజెక్టు'గా ఆమోదిస్తే, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల దాకా నడపవచ్చు. ఏడాది చివర మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోపు అన్‌స్పెంట్ సీఎస్సార్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాకు బదిలీ చేసి, తరువాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. మీ కంపెనీ సెక్రటరీకి ఇది పెద్ద పనేమీ కాదు. వార్షిక నివేదికలో మిగులు కనబడటం నామోషీ అనుకుని చాలామంది ఆ జోలికి పోరు, అంతే. మీకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది, రెండు సంచులు ఉండటం. కుటుంబ ట్రస్టుకు ఈ సీఎస్సార్ నిబంధనలు వర్తించవు. జీతాలు, అద్దెల భాగాన్ని ట్రస్టు నుంచి ఏప్రిల్ మొదటి వారంలోనే వేసేయండి, మిగతా కార్యక్రమ ఖర్చు సీఎస్సార్ నుంచి దాని తీరిక మీద రానివ్వండి. ఒప్పందంలోనే రెంటినీ వేరువేరుగా రాసుకుంటే ఆడిట్‌లో పేచీ రాదు.

తేదీల సంగతి ఎందుకింత సాగదీస్తున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానం తోటలు, కొబ్బరీ జీడీ అన్నీ, వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు కూలి రోజుల తరబడి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. జూలై–సెప్టెంబరు త్రైమాసిక నివేదిక గడువు సరిగ్గా ఆ వారమే. అక్కడ పనిచేస్తున్న ఒక సంస్థకు ఇద్దరు దాతల నుంచి కబురు వచ్చింది. ఒకరిది "మీ నివేదిక ఇంకా అందలేదు, రేపటిలోగా పంపగలరు" అనే ఈమెయిల్. కరెంటు వచ్చాక గానీ దాన్ని ఎవరూ చూడలేదు. రెండోవారు ఎవరెవరి ద్వారానో ఒక ఫోన్ నంబరు సంపాదించి, "మా డబ్బు మీ దగ్గర ఎంత మిగిలిందో అంతా ఇప్పుడు ఏది అవసరమైతే దానికి వాడండి, లెక్క తీరిక చూసుకుని చెప్పండి" అన్నారు. అది బడి గ్రంథాలయాల కోసం ఇచ్చిన డబ్బు. దానితో జనరేటర్ అద్దెకు తెచ్చి తాగునీటి మోటార్లు ఆడించారు. పెద్ద మొత్తం ఇస్తున్నది మొదటి దాత. అయినా ఈనాటికీ ఆ సంస్థ తన కష్టం ముందుగా చెప్పుకునేది రెండోవారికే.

ఇలాంటిది దాత మంచితనానికి వదిలేయనక్కరలేదు, ఒప్పందంలో రాసుకోవచ్చు. ఫైలిన్ 2013లో, హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో. మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. ఈ తీరంలో పనిచేసే సంస్థతో ఒప్పందం రాసుకుంటూ తుపాను ఊసే లేకుండా ఎలా రాస్తారో నాకు అర్థం కాదు. 'విపత్తు వచ్చినప్పుడు మిగిలి ఉన్న సొమ్ములో ఇంత భాగాన్ని ముందస్తు అనుమతి లేకుండా అత్యవసర పనులకు మళ్లించవచ్చు, నెలలోపు సమాచారం ఇవ్వాలి' అని ఒక షరతు చేర్చండి. సీఎస్సార్ సొమ్ముకైతే ఆ మళ్లింపు బోర్డు ఆమోదించిన పరిధిలోనే ఉండాలి కాబట్టి బోర్డు తీర్మానంలోనే ముందుగా ఆ మాట పెట్టించండి.

అన్నట్టు, తిత్లీ తరువాత తోటల పునరుద్ధరణ పేరుతో ఏడాది గ్రాంట్లు చాలా వచ్చాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు చూడాలి. పన్నెండో నెలలో 'రైతు ఆదాయంలో పెరుగుదల' అనే గడిలో సంస్థ ఏం నింపాలి?

ఇక రెండోది, ఖర్చు. దాతలు పంపే దరఖాస్తు ఫారాల్లో తరచు కనబడే వాక్యం ఒకటుంది, 'పరిపాలన ఖర్చు అయిదు శాతం మించరాదు' అని. ఈ అయిదు శాతం ఎక్కడిదంటే సీఎస్సార్ నిబంధనల్లోదే. కానీ అది కంపెనీ తన సొంత సీఎస్సార్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు విధించిన పరిమితి. ఊళ్లో పనిచేసే సంస్థ నిర్వహణ ఖర్చు అందులోకి రాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ప్రశ్నోత్తరాల సర్క్యులర్‌లో చెప్పింది. తనకు పెట్టిన పరిమితిని కంపెనీ సంస్థ నెత్తికి చుట్టేసి, చట్టం ఇలాగే చెబుతోందంటుంది. విదేశీ విరాళాల మీద ఎంతో కఠినంగా ఉండే ఎఫ్‌సీఆర్ఏ చట్టమే, 2020 సవరణలో 50 నుంచి తగ్గించిన తరువాత కూడా, పరిపాలన ఖర్చుకు 20 శాతం దాకా అనుమతిస్తుంది.

అంకెల్లో చూడండి. సీతంపేట కొండల మీద బడి మానేసిన పిల్లల కోసం కేంద్రాలు నడిపే సంస్థకు మీరు ఏడాదికి 12 లక్షలు ఇచ్చారనుకుందాం. అయిదు శాతం అంటే 60 వేలు, నెలకు 5 వేలు. ఆ 5 వేలలో అకౌంటెంట్ జీతం, ఆఫీసు అద్దె, ఆడిటర్ ఫీజు, ఇంటర్నెట్, ప్రింటింగ్, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ల పునరుద్ధరణ పనులు అన్నీ వెళ్లాలి. శ్రీకాకుళంలో ఆ డబ్బుకు ఆఫీసు గది దొరికితే గొప్ప. మీకేమో నెలనెలా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు కావాలి, ప్రతి వోచరు స్కాన్ కాపీ కావాలి, లైంగిక వేధింపుల నివారణ కమిటీ, బాలల రక్షణ విధానం అన్నీ కాగితం మీద సిద్ధంగా ఉండాలి. అవన్నీ ఉండవలసినవే, నేను కాదనను. ఆ పని చేసే మనిషికి జీతం ఎవరివ్వాలన్నదే నా ప్రశ్న. ఎవరూ ఇవ్వరు కాబట్టి అకౌంటెంట్‌ను 'క్షేత్ర సహాయకుడు' అని బడ్జెట్‌లో రాస్తారు. మీకు చెప్పే మొదటి అబద్ధం అదే, దాన్ని రాయించింది మీ ఫారమే. అది చెల్లిందంటే రెండోది ఇంకా సులువు.

ఇది మన ఒక్కరి గోడు కూడా కాదు. ఫోర్డ్ ఫౌండేషన్ 2016 నుంచి 'బిల్డ్' పేరిట వంద కోట్ల డాలర్లు కేటాయించి, సంస్థలు తమ కాళ్ల మీద నిలబడటానికే అయిదేళ్ల గ్రాంట్లు ఇచ్చింది. మన దేశంలో బ్రిడ్జ్‌స్పాన్ సంస్థ కొందరు దాతలను కూడగట్టి, పనికి అయ్యే అసలు ఖర్చు ఇవ్వాలని 2020 నుంచి చెబుతూ వస్తోంది. మీ స్థాయిలో చేయగలిగింది చాలా తేలిక. శాతాల ఊసు వదిలేసి రెండే ప్రశ్నలు అడగండి. సంస్థ మొత్తం ఏడాది ఖర్చు ఎంత? అందులో మా పని వాటా ఎంత? వాళ్ల పనిలో మూడో వంతు మీదైతే అద్దెలో, అకౌంటెంట్ జీతంలో, ఆడిట్ ఫీజులో మూడో వంతు మీరు భరించండి. ఏడాది చివర మిగిలిన ప్రతి రూపాయినీ వెనక్కి ఇమ్మనడం కూడా మానండి, కనీసం ట్రస్టు సొమ్ము విషయంలో. ఆదాయపు పన్ను చట్టం ధార్మిక సంస్థలు తమ ఆదాయంలో 15 శాతం దాకా నిల్వ చేసుకోవడానికి ఒప్పుకుంటుంది. చట్టానికి లేని అభ్యంతరం దాతకు ఎందుకో! రెండు మూడు నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉన్న సంస్థ ఒక విడత ఆలస్యమైనంత మాత్రాన తాళం వేసుకోదు.

ఉద్దానంలో చూసిన ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. ఎన్ని అధ్యయనాలు జరిగినా ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్న జవాబు రాలేదు. నీళ్ల మీద అనుమానం ఉంది కాబట్టి బయటి నుంచి వచ్చే దాతకు మొదట తట్టేది ఆర్‌వో ప్లాంటు, అంటే నీటిశుద్ధి యంత్రం. ఒక ఊళ్లో అలాంటి షెడ్డు చూశాను. దాత తండ్రిగారి పేరు చెక్కిన నల్లరాతి ఫలకం తళతళలాడుతోంది. షట్టరుకు తాళం. కిటికీలోంచి చూస్తే ఫిల్టర్లు బెల్లం రంగుకు తిరిగి ఉన్నాయి, నీటిని వడకట్టే పొర (మెంబ్రేన్) పోయి చాలాకాలమైంది, కరెంటు బిల్లు బకాయి. ప్లాంటుకు డబ్బిచ్చిన దాత దాన్ని నడిపే మనిషికీ విడిభాగాలకూ ఇవ్వలేదు, 'గ్రామస్థులే చూసుకోవాలి' అన్నది వారి విధానం. ఆ షెడ్డు పక్కనుంచే ఒకామె ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కొనుక్కుని చంకన పెట్టుకుని పోతోంది. స్థానిక సంస్థ మొదట్లో అడిగింది ప్లాంటు కానే కాదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు ఆటో కిరాయి ఇప్పించమని అడిగింది. ఆటో కిరాయికి ప్రారంభోత్సవం ఉండదు, ఫలకమూ పెట్టలేం. అందుకని ప్లాంటు వచ్చింది. సంస్థ కూడా ఒప్పుకుంది, ఒప్పుకోకపోతే ఆ దాత ఇంకో సంస్థను చూసుకునేవారు. ఏదైనా కట్టించేటప్పుడు దాని అయిదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా అదే బడ్జెట్‌లో లేకపోతే సంతకం పెట్టకండి.

నివేదికల గురించి పెద్దగా చెప్పను, ఒక్క విషయం తప్ప. నివేదిక తెలుగులో తీసుకోండి. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, కొండ మీది గూడకు వెళ్లి వచ్చే అమ్మాయి అక్కడి సవర భాషలో మాట్లాడుతుంది, తెలుగులో డైరీ రాస్తుంది. ఆ డైరీ చూసి ఆఫీసులో ఒకరు ఇంగ్లీషులో నివేదిక తయారు చేస్తారు. డైరీలో 'వాన కురిసి గెడ్డ పొంగింది, నెలలో సగం రోజులు కేంద్రం నడవలేదు, ఇద్దరు పిల్లలు జీడితోటలో పనికి వెళ్లిపోయారు' అని ఉంటుంది. ఇంగ్లీషులో అది 'వాతావరణ పరిస్థితుల వల్ల హాజరులో స్వల్ప హెచ్చుతగ్గులు' అయి మీ దగ్గరికి వస్తుంది. మీరు తెలుగువారు, మీ ఆఫీసులో సగం మంది తెలుగువారు. ఆ డైరీ పేజీల ఫోటోలే వాట్సాప్‌లో పంపమనండి. బోర్డుకు ఇంగ్లీషు కావాలంటే తర్జుమా ఖర్చు మీరు పెట్టుకోండి. అలాగే వేరే దాతకు వాళ్లు ఇప్పటికే రాసిన నివేదిక పనికొస్తే దాన్నే తీసుకోండి. చిన్న వోచర్లకు బిల్లుల పీడ తగ్గించండి. కొండదారిలో ఆటో నడిపేవాడు జీఎస్టీ బిల్లు ఇవ్వడు, సంతలో గంపలో కూరగాయలు అమ్మే ఆమె కూడా ఇవ్వదు. ఇంత మొత్తం లోపు కార్యకర్త సంతకంతో స్వయంగా రాసిన వోచరు చాలునని ఒప్పందంలో పెట్టండి.

ఫలితాల కొలతలు కూడా పనిని బట్టి ఉండాలి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చరఖా మీద సన్నని నూలు తీసే వృద్ధ మహిళల పనికి 'నెలనెలా ఉత్పత్తి పెరుగుదల శాతం' అడిగే ఫారం ఒకటి నా చేతికి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాగితాల పట్టుదల ఎంతవరకూ పోతుందో ఒక్కమాటలో చెబుతాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. ఒప్పందంలో 'శ్రీకాకుళం జిల్లా' అని ఉంది కాబట్టి సీతంపేటలో పని ఒప్పందం పరిధిలోకి రాదని విడత ఆపినవాళ్లున్నారు. ఊరు అక్కడే ఉంది, పిల్లలు అక్కడే ఉన్నారు.

ఇలాంటివి ట్రస్టీల దాకా రావు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మీ మనసు ఎంత మంచిదైనా సంస్థకు రోజూ ఎదురయ్యేది మీ ప్రోగ్రాం ఆఫీసరు. ఆయన వయసు పాతికేళ్లు, ఆడిట్‌లో మాట పడకూడదన్న భయం ఆయనకూ ఉంది. అనుమానమొస్తే ఆపేయడమే తనకు క్షేమం. ఆపినందుకు ఆయనను ఎవరూ అడగరు, విడుదల చేసినందుకు అడుగుతారు. కాబట్టి ఒక విడత పది రోజులకు మించి ఆగితే కారణం రాసి మీకు పంపాలని ఆయనకు నియమం పెట్టండి. ఇన్నాళ్లూ సంస్థే సంజాయిషీ ఇస్తూ వచ్చింది. అదే నియమం మీ వైపూ వచ్చిందంటే సగం విడతలు ఆగనే ఆగవు.

ఊళ్లకు వెళ్లండి, కానీ వాళ్లకు వీలైన రోజున వెళ్లండి. ఊడ్పులు ముమ్మరంగా సాగుతుండగా మహిళా సంఘం సమావేశం పెట్టించి, 'హాజరు సంతృప్తికరంగా లేదు' అని రాసుకుపోయిన అధికారులున్నారు. వచ్చిన ఆ కొద్దిమంది ఆ రోజు కూలి వదులుకుని వచ్చారు. దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. ఆ రోజు సమీక్ష పెట్టాలన్న ఆలోచన ఈ జిల్లా మనిషికి రాదు, హైదరాబాదు క్యాలెండరుకు వస్తుంది. వెళ్లినప్పుడు శాలువాలు, ఫ్లెక్సీలు, పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టడం వద్దని ముందే చెప్పండి. చెప్పినా మొదటిసారి పెడతారు, రెండోసారి మానేస్తారు. కార్యదర్శితో మాట్లాడాక అకౌంటెంట్ దగ్గర ఒక గంట కూర్చోండి. "పోయిన నెల జీతాలు ఏ తారీఖున పడ్డాయి?" అని అడగండి. సంస్థ పరిస్థితిని ఇంత సూటిగా బయటపెట్టే ప్రశ్న నాకు ఇంకొకటి తెలియదు. జవాబులో తడబాటు కనిపిస్తే అక్కడ నిలదీయకండి, తిరిగొచ్చి మీ విడత ఎక్కడ ఆగిందో చూసుకోండి.

చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా ఇంకొకటి చెప్పాలి. దాత కుటుంబం ఊరికి వస్తే గది బుక్ చేయడం, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు చేయించడం, తిరుగు రైలుకు పలాస జీడిపప్పు డబ్బాలు అందించడం సంస్థ ఉద్యోగుల వంతు అవుతోంది. పెద్దాయన వర్ధంతికి దుప్పట్ల పంపిణీ పెట్టమంటారు, దానికి బడ్జెట్ ఉండదు. మీరు అడగకపోయినా వాళ్లు చేస్తారు, ఎందుకు చేస్తున్నారో మీకూ తెలుసు. కారు మీరే మాట్లాడుకోండి.

ఇంత వదులుగా ఉంటే మోసపోమా అని మీరు అడుగుతారు. మోసాలున్నాయి. కాగితం మీద మాత్రమే నడిచే సంస్థలూ ఈ జిల్లాల్లో ఉన్నాయి. బిగింపు అంతా డబ్బు ఇవ్వకముందు చూపించండి. మూడేళ్ల ఆడిట్ నివేదికలు చదవండి. పాలకవర్గంలో భార్య, బావమరిది, అల్లుడు తప్ప ఎవరూ లేకపోతే ఆగండి. చెక్కు మీద రెండు సంతకాలు కావాలి. సీఎస్సార్ సొమ్ము తీసుకునే సంస్థకు సీఎస్సార్-1 రిజిస్ట్రేషన్ 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, నంబరు సరిచూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పనిచేసి మానేసిన ఒకరితో మాట్లాడండి. ఈ గడప దాటి లోపలికి వచ్చిన సంస్థను తరువాత నెలనెలా దొంగలా చూడకండి. లెక్కల్లో పొరపాటు దొరికితే అది చేతకానితనమా, కాజేయడమా అని ముందు తేల్చుకోండి. మొదటిదైతే నాలుగు నెలలు మంచి అకౌంటెంట్‌ను మీ ఖర్చుతో పంపండి. రెండోదైతే ఆ రోజే ఆపండి, మిగిలిన సంస్థల మీద ఆ కోపం చూపకండి.

అమెరికాలో 2001లో మొదలైన సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ అనే సంస్థ ఒక పని చేస్తుంది. గ్రాంటు తీసుకున్నవాళ్ల అభిప్రాయాలను పేర్లు బయటపడకుండా సేకరించి, మిగతా దాతలతో పోల్చి దాతకు చూపిస్తుంది. వందల సంస్థలకు ఇచ్చేవారికి అది బాగా పనికొస్తుంది. మీకు మిగిలింది నాలుగు సంస్థలు. ఏ వాక్యం ఎవరిదో చదవగానే తెలిసిపోతుంది, వాళ్లకూ ఆ సంగతి తెలుసు, కాబట్టి పొగడ్తలే వస్తాయి. మీ స్థాయికి సరిపోయేది వేరే ఉంది. మీ నుంచి ఇక డబ్బు వస్తుందన్న ఆశ లేనివాళ్లను అడగండి, అంటే గ్రాంటు ముగిసినవాళ్లను, మీరు దరఖాస్తు తిరస్కరించినవాళ్లను. మూతపడిన సంస్థ కార్యదర్శిని కూడా కలవండి. ఆయనకు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మీ గురించి నిజం చెబుతాడు. ఎందుకు మూసేశారని అడగకండి, ఏ నెలలో మాకు చెప్పాలనుకున్నారు, ఎందుకు చెప్పలేదు అని అడగండి. ఆయనకు చెల్లించవలసిన విడత ఏదైనా ఆగి ఉంటే ఆ కలయికకు ముందే తేల్చేయండి.

మీ నాలుగు సంస్థల్లో ఒకటి ఎప్పుడైనా నిజంగా చెడువార్త చెప్పిందనుకోండి, జీతాలకు డబ్బు లేదని, లేదా మీరిచ్చిన పని ఊళ్లో ఎవరికీ అక్కరలేదని. ఆ వారం మీరు ఏం చేస్తారన్నదే మిగిలిన మూడు సంస్థలూ గమనిస్తాయి. ఈ జిల్లాల్లో ఆ కబురు రోజు తిరగకముందే అందరికీ చేరుతుంది. ఆ సమయంలో కొత్త నివేదిక అడగకండి. ఉన్న బడ్జెట్‌లో పద్దులు మార్చుకోవడానికి ఒప్పుకుని, అదే రోజు ఆ మాట రాసి పంపండి.

చివరగా, గ్రాంటు ఆపే పద్ధతి. ఎప్పుడో ఒకప్పుడు ఆపుతారు, అందులో తప్పులేదు. వచ్చే ఏడాది ప్రాధాన్యాలు మారాయని ఫిబ్రవరిలో ఈమెయిల్ పంపితే ఏప్రిల్‌లో ఎనిమిది కుటుంబాలకు జీతం ఆగుతుంది. కనీసం ఏడాది ముందు చెప్పండి, ఎదురుగా కూర్చుని చెప్పండి, కారణం ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు తెలిసిన ఇంకో ఇద్దరు దాతలకు ఆ సంస్థను పరిచయం చేయండి, పని బాగా చేశారని ఉత్తరం రాసివ్వండి. చివరి ఏడాది మొత్తాన్ని విడతలుగా కాకుండా ఏప్రిల్‌లోనే ఒకేసారి వేసేయండి.